రెండింటికి భోజనం

ఆరోసారి కూడా దారం సూది బెజ్జం పక్కనుంచి జారిపోయింది. కత్తెరమ్మ దారం కొసను పెదాల మధ్య తడిపి, బొటనవేలితో మెలితిప్పి, సూదిని ట్యూబ్‌లైటు వెలుగులోకి ఎత్తి పట్టుకుంది. బెజ్జం చక్కగా కనిపిస్తూనే ఉంది. మొన్నీమధ్యే ఆపరేషన్ చేయించుకున్న కళ్ళు, వాటికి వంక పెట్టడానికి లేదు. చెయ్యే మాట వినడం లేదు. రోజూ ఈపాటికి గొంతులో ఒక గుక్క పడి ఉండేది, వేళ్ళు బుద్ధిగా ఉండేవి. ఈ రోజు మధ్యాహ్నం రెండింటిదాకా ముట్టుకోకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది. ఇంకా ఎనిమిది కూడా కాలేదు.

"ఇలా ఇవ్వండి" అన్నాడు ఇస్త్రీ మాస్టారు, ఇస్త్రీపెట్టెను నిలువుగా ఆనించి.

సూది తీసుకుని ఒక్క పోటులో దారం ఎక్కించాడు. అది చాలదన్నట్టు ఇంకో అయిదు సూదులకు కూడా ఎక్కించి, ఆమె ముందున్న చిన్న దిండుకు వరసగా గుచ్చాడు.

"సాయంత్రందాకా వస్తాయి ఇవి. రేపట్నుంచి మీ తిప్పలు మీరు పడండి, నేనుండనుగా" అన్నాడు నవ్వుతూ.

తమాషాకే అన్నాడు. కత్తెరమ్మ కూడా ఏప్రాన్ అంచు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

వాళ్ళిద్దరూ పనిచేసేది ఒక పెద్ద హోటల్ కింద, నేలకు రెండంతస్తుల లోతున. పైన పదకొండు అంతస్తుల్లో దిగేవాళ్ళు కప్పుకునే దుప్పట్లు, ఒళ్ళు తుడుచుకునే తువ్వాళ్ళు, తిని మూతి ఒత్తుకునే నాప్కిన్లు అన్నీ ఉతికాక ట్రాలీల మీద ఈ గదికే వస్తాయి. మాస్టారు ఇస్త్రీ చేస్తాడు. కత్తెరమ్మ చిరుగులు కుడుతుంది, ఊడిన గుండీలు వేస్తుంది, విడిపోయిన అంచులు బిగిస్తుంది. కుట్టు కూడా నిలవనంతగా చీకిపోయిన వాటిని తలుపు వెనక అరలో పడేస్తుంది. గదికి కిటికీ లేదు. బయట వానో ఎండో తెలియాలంటే లోపలికొచ్చేవాళ్ళ గొడుగులు చూసుకోవాలి. ఆవిరి, సబ్బు, కాలీకాలని నూలు, మూడూ కలిసిన వాసన గోడలకు పట్టేసి ఉంటుంది. ఆ వాసన కత్తెరమ్మకు చేసిన ఉపకారం అంతా ఇంతా కాదు. ఇంకో వాసనను అది పద్దెనిమిదేళ్ళుగా కప్పిపెడుతూ వచ్చింది. కనీసం ఆమె అలా అనుకుంటోంది.

ఆ పద్దెనిమిదేళ్ళూ ఇస్త్రీ మాస్టారు ఆమెకు ఆరడుగుల దూరంలోనే ఉన్నాడు. ఈ రోజు ఆయనకు ఆఖరి రోజు. తుంటి ఎముక నిలబడనివ్వడం లేదు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, కొండల్లో ఏదో చిన్న ఊళ్ళో ఉన్న చెల్లెలు వచ్చేయమంటోంది. నాలుగింటికి బస్సు. వారం కిందట ఆ కబురు చెప్పి, ఇస్త్రీ ఆపకుండానే ఇంకో మాట కూడా అన్నాడు.

"పద్దెనిమిదేళ్ళు మీ వీపు చూస్తూ తిన్నానండీ నేను. ఆఖరి రోజైనా ఇటు తిరిగి కూర్చోండి. రెండింటికి ఇద్దరం కలిసి తిందాం. మీరేం తేవద్దు, నేనే తెస్తాను."

"సరే" అంది కత్తెరమ్మ. అనేశాక ఒళ్ళంతా చెమట పట్టింది.

ఎందుకంటే ఆమె ఎవరి ముందూ తినదు. అరల వైపు తిరిగి, దుప్పట్ల కట్టలకు మొహం చూపిస్తూ తింటుంది. కొత్తల్లో ఒకసారి ఆయన ఎందుకని అడిగితే "అలవాటు" అంది. ఆయన మళ్ళీ అడగలేదు. పద్ధతి గల మనిషి, మగాళ్ళ ఎదురుగా తినదేమో అనుకుని ఉంటాడు. అసలు సంగతి నోట్లో ఉంది. నోట్లో మొత్తం అయిదు పళ్ళున్నాయి. కింద ముందువి రెండు, వాటి పక్కన కోరపన్ను ఒకటి, పైన ఎడంవైపు దవడలో కదులుతూ రెండు. తినడమంటే ముద్దను నాలుకతో అటూ ఇటూ తోస్తూ చిగుళ్ళ మధ్య నలపడమే. మొహమంతా ముడుచుకుపోతుంది, గడ్డం ముక్కును తాకబోతుంది. అద్దంలో చూసుకుంది కాబట్టి ఆమెకు తెలుసు.

కత్తెరమ్మ అన్న పేరు పెట్టింది కూడా ఆ పళ్ళను చూసే. ఇరవై రెండేళ్ళప్పుడు దర్జీ దుకాణంలో చేరితే, దారాన్ని పళ్ళతోనే పుటుక్కున తెంపేది. కత్తెర కోసం చెయ్యి చాపే పనే లేదు. పక్క మిషన్ మీద ఒక చొక్కా అయ్యేలోగా ఆమె మిషన్ మీద రెండో చొక్కాకు కాలరు పడేది. "దీనికి కత్తెర నోట్లోనే ఉందిరా" అని దుకాణం యజమాని మురిసిపోయేవాడు. పేరు అతుక్కుపోయింది, పళ్ళు రాలిపోయాయి. ఇప్పుడు నాడా కట్టిన నిజం కత్తెర ఒకటి మెడలో వేలాడుతూ ఉంటుంది.

మొదటి పన్ను ముప్పై ఎనిమిదో ఏట పుచ్చింది. అద్దాల తలుపులున్న పళ్ళ డాక్టరు దగ్గరికి వెళితే, లోపల శుభ్రం చేసి పైన తొడుగు వేయాలన్నాడు. ఎంతవుతుందో చెబితే వేళాకోళమాడుతున్నాడనుకుని పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. పెద్దాసుపత్రిలో తెల్లవారుజామునే లైన్లో నిలబడాలి, ఆ రోజు కూలి పోతుంది, పోయినా వాళ్ళు పీకుతారే తప్ప బాగుచేయరు. ఇవాళా రేపా అంటూ ఆమె నెట్టుకొచ్చింది. అప్పుడే పక్కింటావిడ ఒక ఉపాయం చెప్పింది. గుక్కెడు సారా పన్ను మీద ఆపి, కాసేపయ్యాక ఉమ్మేయమంది. ఆపింది. దవడ మొద్దుబారింది. తొట్టిలో ఉమ్మేసి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి కంటినిండా నిద్రపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఉమ్మేయడం ఎప్పుడు మానేసిందో ఆమెకు ఎంత ఆలోచించినా గుర్తు రాదు.

తర్వాత పళ్ళు ఒకదాని వెనక ఒకటి అదే దారి పట్టాయి. పెద్దాసుపత్రిలో ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం కూర్చోబెట్టి మాట్లాడింది. కట్టుడు పళ్ళు ఊరికే పెడతాం, తాగుడు మానేసి మూడు నెలలాగి రండి, చిగుళ్ళు మానాలి అంది. కత్తెరమ్మ పందొమ్మిది రోజులు మానింది. ఇరవయ్యో రోజు ఏ విశేషమూ లేదు. మామూలు రోజే. అదే తట్టుకోలేకపోయింది.

పళ్ళు లేవు గానీ బ్రష్షులకు కొదవ లేదు. పైన గదుల్లో ఒక్కసారి తోముకుని వదిలేసినవి, కవరు కూడా విప్పనివి గంపలకొద్దీ కిందికి వస్తాయి. కవరు విప్పనివి పనివాళ్ళు పంచుకుంటారు. కత్తెరమ్మ ఇంట్లో డబ్బా నిండా నలభై దాకా ఉన్నాయి. మనవరాలు చూడ్డానికొచ్చినప్పుడు "అమ్మమ్మా, నీ పళ్ళేవీ?" అని అడిగితే "హోటల్లో పెట్టి తాళం వేశానే, ఎవరన్నా ఎత్తుకుపోతారని" అంది. పిల్ల నమ్మింది. కూతురు మాత్రం ముక్కు ఎగబీల్చి, పిల్లను మెల్లిగా తన ఒళ్ళోకి లాక్కుంది.

అందుకే ఈ రోజు సంగతి అంత పెద్దదైంది. ఈ వారమంతా ఇంట్లో అద్దం ముందు కూర్చుని, పెదాలు విప్పకుండా రొట్టె నమలడం సాధన చేసింది. ఆయన ఏం తెస్తాడోనని బెంగపడింది. ఆయనవి ముప్పై రెండూ గట్టి పళ్ళు. వేయించిన వేరుశనగలు పటపటా నములుతూ ఇస్త్రీ చేసే మనిషి, తన నోటిలాగే ఊరందరి నోరూ ఉంటుందనుకుంటాడు. ఏం తెచ్చినా సరే, ఎంత గట్టిదైనా సరే, మింగైనా సరే తినాలనుకుంది. నోరు చూస్తే చూడనీ. తాగుడు వాసన మాత్రం కొట్టకూడదు. ఒక్క భోజనం సేపు ఎదురుగా కూర్చుని, ఆయన మొహం చూస్తూ, ఆయన చెప్పే కబుర్లు వింటూ తింటే చాలు. తన మనసులో ఉన్నదానికి పేరేమిటో ఆమెకు తెలియక కాదు. అరవై రెండేళ్ళొచ్చాక ఆ పేరు అనుకోవడానికి సిగ్గు, అంతే. ఆయన సెలవు పెట్టిన రోజు ఆ గదిలో ఊపిరాడేది కాదు. రేపట్నుంచి అన్నీ అలాంటి రోజులే.

పన్నెండింటికి సూపర్‌వైజరు పరుగున వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, అందరినీ వరస కలిపి పిలుస్తుంది.

"పిన్నీ, ఏడో అంతస్తు ఆయన చొక్కా. కఫ్ గుండీ ఊడిందట. మీటింగుకి వెళ్ళాలి, లిఫ్ట్ దగ్గరే నిలబడ్డాడు. పది నిమిషాల్లో కావాలి."

మంచులాంటి తెల్ల చొక్కా. మాస్టారు దారం ఎక్కించిపెట్టిన సూది ఒకటి కత్తెరమ్మ తీసుకుంది. గుండీకి నాలుగు బెజ్జాలు. మూడు పోట్లు సరిగ్గా పడ్డాయి. నాలుగోది వేసేటప్పుడు చెయ్యి అదిరి, సూది చూపుడువేలి కొసలో దిగింది. కఫ్ మీద ఆవగింజంత ఎర్రచుక్క పడింది.

కుట్టుపని వాళ్ళందరికీ తెలిసిన కిటుకు ఒకటుంది. ఎవరి వేలి నెత్తురుకు వాళ్ళ ఉమ్మే విరుగుడు. తెల్లదారం ముక్క నోట్లో నానబెట్టి మరక మీద అద్దితే, చుక్క ఇట్టే మాయమైపోతుంది. నలభై ఏళ్ళలో కత్తెరమ్మ ఈ కిటుకును వందసార్లు వాడి ఉంటుంది. ఆలోచించకుండా దారాన్ని నోట్లో పెట్టుకుని, తడిపి, గబగబా అద్దింది. చుక్క మాయం కాలేదు. విచ్చుకుంది. ఇంకోసారి అద్దింది. రూపాయి బిళ్ళంత గులాబీరంగు మరకైంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఈ రోజు భోజనం కోసమని పొద్దున మూడుసార్లు పళ్ళు తోముకుంది. కొత్త బ్రష్షుతో, చిగుళ్ళు చీరుకుపోయేలా తోముకుంది. నోరంతా నెత్తురు జీరగానే ఉంది. మరకను తుడవబోయి మరకే పూసింది.

"మాస్టారూ" అంది.

మాస్టారు కుంటుకుంటూ వచ్చి చొక్కా చూశాడు. వెంటనే కఫ్‌ను చన్నీళ్ళ కుళాయి కింద పట్టి, సబ్బుముక్కతో రెండువైపులా రుద్ది, మళ్ళీ జాడించి, పొడి తువ్వాలు మధ్య ఒత్తి, ఇస్త్రీ వేశాడు. ఆవిరి బుస్సుమంది. తెల్లటి కఫ్ మళ్ళీ తెల్లగా అయింది. గుండీ ఆఖరి పోటు కూడా ఆయనే వేసి ముడి బిగించాడు. సూపర్‌వైజరు చొక్కాను హ్యాంగరుకు తగిలించుకుని పరుగెత్తింది.

ఆయన ఆమె వైపు చూడకుండా, తన జేబురుమాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పెదవి తుడుచుకోండి. కొంచెం ఎర్రగా ఉంది" అన్నాడు. ఆ మాట ఎంత మెల్లగా అన్నాడంటే, పక్కన ఇంకెవరైనా ఉన్నా వినబడేది కాదు. "నేనలా అంతస్తులన్నీ తిరిగి అందరికీ వెళ్ళొస్తానని చెప్పేసి వస్తాను. రెండింటికల్లా ఇక్కడుంటా. మీరెక్కడికీ పారిపోకండేం."

తలుపు మూసుకుంది. కత్తెరమ్మ రుమాలుతో పెదవి తుడుచుకుని చూసింది. ఎరుపు. ఆయన చూశాడు. చేతులు చూశాడు, నోరు చూశాడు, ఇంక చూడడానికేం మిగిలింది. తిట్టినా బాగుండేది. ఆ మెల్లటి గొంతే ఆమెను చంపేసింది.

తలుపు వెనక అరలో, చీకిపోయిన దుప్పట్ల కింద, క్వార్టర్ సీసా ఉంది. పొద్దున తెచ్చేటప్పుడు ముట్టుకోననే తెచ్చింది. దగ్గరుంటే ధైర్యంగా ఉంటుందని తెచ్చింది. గడియారం పన్నెండూ పది చూపిస్తోంది. రెండింటిదాకా ఈ చేతులతో ఎలా కూర్చోవడం, చెంచా కూడా నోటిదాకా వెళ్ళదు, అని సర్దిచెప్పుకుని ఒక్క గుక్క తాగింది. వేళ్ళు నెమ్మదించాయి. ఇంకో గుక్క సిగ్గు కోసం తాగింది. చిగుళ్ళు మండుతుంటే ఇంకోటి. తర్వాతివాటికి సాకులు వెతుక్కోలేదు. సీసా ఖాళీ అయ్యాక గెస్టుల గదుల్లోంచి వచ్చిన పుదీనా నీళ్ళతో నాలుగుసార్లు పుక్కిలించింది, చెయ్యి అడ్డం పెట్టి ఊదుకుని వాసన చూసుకుంది. ఏమీ తెలియడం లేదనిపించింది. తాగినవాళ్ళకు ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది.

మాస్టారు పొద్దున్నుంచి ఇస్త్రీ చేసిన దుప్పట్లు ట్రాలీ మీద నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఆయన చేతి ఆఖరి కట్ట. అంచుకు అంచు, మూలకు మూల, కత్తితో కోసినంత తిన్నగా ఉంది. కత్తెరమ్మ అరచెయ్యి ఆనించి చూసింది. ఇంకా వెచ్చగా ఉంది.

ఈ గదిలో కొత్తగా చేరినవాళ్ళకు మొట్టమొదట చెప్పేది ఒకటే మాట. వెచ్చటి కట్టకు ఒళ్ళు ఆనించకూడదు. ఆనించినవాళ్ళు లేవరు. ఇద్దరి ఉద్యోగాలు అలాగే పోయాయి. ఎంతమందికో కత్తెరమ్మే స్వయంగా వేలు చూపించి చెప్పింది. ఇప్పుడు మాత్రం, రేపట్నుంచి ఈ గదిలో దుప్పట్లు వెచ్చగానే ఉంటాయి గానీ ఆ వెచ్చదనం ఇంకెవరిదో అయి ఉంటుందన్న ఆలోచన వచ్చింది. ఒక్క నిమిషమేననుకుని చెంప ఆనించింది. పుచ్చిన దవడకు ఆ వేడి హాయిగా తగిలింది. చిన్నప్పుడు పన్ను నొప్పెడితే అమ్మ గుడ్డను పెనం మీద వేడిచేసి కాపడం పెట్టేది. ఆ అమ్మ గుర్తొచ్చింది, తర్వాత ఏమీ గుర్తు లేదు.

"పిన్నీ... పిన్నీ, లేవండి. అయిదున్నరైంది."

కళ్ళు తెరిచేసరికి ఆమె ట్రాలీ పక్కన నేల మీద, కట్టకు ఒరిగి ఉంది. దుప్పట్లు చల్లగా ఉన్నాయి. సూపర్‌వైజరు వంగి భుజం తడుతోంది.

"మాస్టారేరీ?"

"మూడుంపావుకి వెళ్ళిపోయారు పిన్నీ. నాలుగింటి బస్సు కదా." ఆ పిల్లకు వాసన తగిలినట్టుంది, మొహం తిప్పుకోకుండా ఉండటానికి పాటుపడుతోంది. "మీకు జ్వరమొచ్చిందని మేనేజరుగారికి ఆయనే చెప్పారు. మీ నాప్కిన్లన్నీ ఆయనే పైకి తోసుకెళ్ళారు, ఆ కాలుతో. పాపం, మిమ్మల్ని లేపి చూశారు. చాలాసేపు పిలిచారు. ఏదో వేరే పేరు పెట్టి పిలుస్తుంటే ఎవర్నా అనుకున్నాను. అది మీ పేరా పిన్నీ?"

కత్తెరమ్మ తలూపింది. హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేని పేరది. ఆయనకు తెలుసని ఆమెకు తెలియదు. ఆయన నోటివెంట ఎలా వినబడి ఉంటుందో ఇంకెప్పటికీ తెలియదు.

"కోప్పడ్డారా?"

"అబ్బే. ఇక్కడే కూర్చుని మీకోసం ఎదురుచూశారు. ఆఖరికి లేచి, గిన్నెలూ చెంచాలూ వంటగదిలో ఇచ్చేయమని మీకు చెప్పమన్నారు. వాళ్ళవేనట. పొద్దున ఏడింటికి రాగానే వెళ్ళి రెండు గిన్నెలూ రెండు చెంచాలూ అడిగి తెచ్చుకున్నారు. మొహం కడుక్కోండి పిన్నీ. నేను తాళం తర్వాత వేస్తాలే."

ఆ పిల్ల వెళ్ళిపోయింది. కత్తెరమ్మ ట్రాలీ పట్టుకుని లేచి నిలబడింది. ఇస్త్రీబల్లను ఎవరో తుడిచిపెట్టారు. ఇస్త్రీపెట్టె తీగను చుట్టి పక్కన పెట్టారు. బల్లకు ఇటొక స్టూలు, అటొక స్టూలు ఎదురెదురుగా ఉన్నాయి. రెండు గిన్నెలున్నాయి. ఒకటి ఖాళీది. రెండోదాని మీద నాలుగు మడతల నాప్కిన్ కప్పి ఉంది.

నాప్కిన్ ఎత్తింది. అంచులు తీసేసిన రొట్టె పాలలో మెత్తగా నాని ఉంది. దాని మీద ఆపిల్ గుజ్జు ఉంది, చెంచాతో గీకి తీసినది. పసిపిల్లలకు పెట్టినట్టు. గీకి చాలాసేపైందేమో, గుజ్జు గోధుమరంగుకు తిరిగింది. పక్కన కాగితంలో గీకేయగా మిగిలిన తొక్కలు, కోసి తీసిన రొట్టె అంచులు పొందిగ్గా చుట్టిపెట్టి ఉన్నాయి. అంచులు ఒక్క గిన్నెకు కావలసిన దానికి రెట్టింపున్నాయి. ఆయన తన వాటా కూడా ఇలాగే చేసుకున్నాడు.

పొద్దున ఏడింటికి. చొక్కాకు మరక అంటక ముందు. ఆమె దారం ఎక్కించలేక తంటాలు పడక ముందు. ఇంకా ఎన్నేళ్ళ ముందునుంచి ఆయనకు తెలుసో, తెలిసీ ఎన్నిసార్లు తెలియనట్టు కూర్చున్నాడో.

కత్తెరమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే తన స్టూలు మీద, అరల వైపు వీపు పెట్టి, ఆయన స్టూలుకు ఎదురుగా కూర్చుంది. చెంచా తీసుకుంది. మొదటి ముద్ద నమలనక్కర లేకుండానే గొంతు దిగింది. చల్లారిపోయినా తియ్యగా ఉంది. తొందరపడకుండా, రెండింటికి తినవలసినంత నెమ్మదిగా తింది.

బల్లకు అవతల ఆయన గిన్నె ఉంది. అడుగున ఎండిన పాలచారకు చెంచా అతుక్కుని, పిడి ఆమె వైపుకు తిరిగి ఉంది.